తిమోతి సాక్ష్యం

మా నాన్న ఆర్థర్ గూడ్సు బండి డ్రైవరు. ఖరగ్‌పూర్ నుంచి టాటా లైనులో బండ్లు నడిపేవాడు. ఆయనకు లోకంలో రెండే గర్వాలు. ఒకటి తన కళ్ళు, రెండోది నా తమ్ముడు తిమోతి. వాడికన్నా ముందు పుట్టిన కూతుర్ని నేనూ ఉన్నాను, నా పేరు ఆలిస్. నాకూ రెండు కళ్ళున్నాయి, ఇప్పటికీ అద్దాలు లేకుండా చదువుతాను. కానీ ఆడపిల్ల కళ్ళతో రైల్వేకి పనేముంది? బియ్యంలో రాళ్ళేరడానికి పనికొస్తాయి, అంతే అని ఆయన తీర్మానం.

డ్రైవరుకి కళ్ళే కూడూ గుడ్డా. కొన్నేళ్ళకోసారి రైల్వే ఆసుపత్రిలో పరీక్ష పెడతారు. దూరపు చూపు చూస్తారు, రంగులు చూస్తారు. తప్పితే ఇంజను మీది నుంచి దించి ఏ షెడ్డులోనో కూర్చోబెడతారు. నాన్న ప్రతిసారీ ఏ-వన్ తెచ్చుకునేవాడు. తెచ్చుకుని తిన్నగా ఇంటికొచ్చే రకం కాదు. గోల్‌బజార్లో వేటమాంసం కొనుక్కుని, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి గుమ్మంలో ఆగేవాడు.

"మళ్ళీ ఏ-వన్ ఇచ్చీసినాడమ్మా డాక్టరు. నా కళ్ళు సూసి ఆడే గాబరా పడిపోనాడు" అనేవాడు. అందరూ విన్నదే మళ్ళీ వినేవాళ్ళు. వినకపోతే కదలడు కదా.

ఇంజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో చూసి అదే మాట తిరిగి అనాలి. ఇద్దరి మాటా కలవాలి. మా నాన్న ఆ పద్ధతిని ఇంట్లోకి కూడా తెచ్చాడు. ఆయన "అన్నం!" అంటే అమ్మ "అన్నం!" అనాలి. ఆయన "ప్రార్థన!" అంటే మేమిద్దరం "ప్రార్థన!" అనాలి. ఆలస్యమైతే చెవి మెలిపెట్టేవాడు. అది చూసి నవ్విన వాళ్ళకీ అదే గతి.

తిమోతి మాటలు నేర్చినప్పటి నుంచీ, డ్యూటీ లేని సాయంత్రాల్లో వాడిని స్టేషను పైవంతెన మీదికి తీసుకెళ్ళేవాడు. కనబడే ప్రతి సిగ్నలూ చూపించి అడిగేవాడు. వాడు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు అని టకటకా అప్పజెప్పేవాడు. ఒక్కటీ తప్పేవాడు కాదు. "సూసినారా, నా పక్క సీటు ఈడిదే" అని వంతెన మీద వచ్చే పోయే వాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు నాన్న. బెంగాలీలకి బెంగాలీలో, ఒడియా కూలీలకి ఒడియాలో. కొడుకుని పొగడడానికి ఆయనకు ఎన్ని భాషలైనా వచ్చేవి.

ఎనభైల చివర్లో గోల్‌బజార్లో బట్టల కొట్ల వెనక సందులో పల్టూదా అనే బెంగాలీ ఆయన వీడియో గేముల గది పెట్టాడు. అంతకుముందు అది దర్జీ కొట్టు. గోడకి ఆనించి మనిషంత ఎత్తున్న డబ్బాలు, ఒక్కోదానికి ఒక తెర, ఒక పిడి, రెండు బొత్తాలు. లోపల గాలి ఉండదు. బీడీ కంపు, చెమట కంపు, కుయ్యి కుయ్యిమనే మోత. తిమోతి ఎనిమిదో తరగతిలో ఉండగా ఎవడో స్నేహితుడితో పోయి ఒకసారి ఆడాడు. ఇక అంతే. స్కూలు వదిలాక ఇంటికి రాడు. ఆదివారం గుడిలో ఆఖరి పాట అవకముందే మాయమైపోతాడు. అన్నం ముందు కూర్చుంటే వేళ్ళు కంచం అంచు మీద కదులుతుండేవి.

వాడు బాగా ఆడేవాడు, ఆ మాట చెప్పి తీరాలి. ఒకసారి అమ్మ పంపిస్తే వాడిని పిలుచుకు రావడానికి వెళ్ళాను. వాడి వెనక ఒక గుంపు. హిజ్లీ హాస్టళ్ళ నుంచి సైకిళ్ళ మీద వచ్చే ఇంజనీరింగు కుర్రాళ్ళు, అందులో మన తెలుగువాళ్ళు కూడా, నోరు తెరుచుకుని చూస్తున్నారు. తెర మీద విమానాలు వానలా దిగుతుంటే వాడు ఒక్కోదాన్నీ తప్పించుకుంటూ పోతున్నాడు. ఇంట్లో ఎప్పుడూ భుజాలు ముడుచుకుని ఉండే పిల్లవాడు అక్కడ నిటారుగా నిలబడ్డాడు. నాకు పిలవబుద్ధి కాలేదు. ఆట అయ్యేదాకా నేనూ చూస్తూ ఉండిపోయాను.

నాన్నకి తెలిసింది. ఆయనకి స్కూలు మార్కుల బెంగ లేదు, ఎవరితో తిరుగుతున్నాడన్న బెంగా లేదు. బెంగంతా కళ్ళ మీదే.

"ఆ డబ్బా ఎలుతురు కళ్ళు తినీస్తాదిరా. కళ్ళు పోతే నీకు ఏ-వన్ ఎవడిస్తాడు? నా ఇంజను మీద ఎవడెక్కుతాడు?" అని బెల్టు తీశాడు.

కొట్టడంతో మొదలుపెట్టాడు. అది పని చెయ్యలేదు. తిండి మానిపించాడు. అమ్మ ఎలీసమ్మ, కొంగు చాటున మరమరాలు దాచి పెడితే అమ్మనీ కొట్టాడు. ఆ తరువాత వేసవిలో ఒకరోజు వాడిని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, సగం తల గొరిగాడు. కుడి సగం జుట్టు, ఎడమ సగం బోడి. "ఇప్పుడెల్లు గోల్‌బజారు. నీ దోస్తులకి సూపించు" అన్నాడు. వాడు మంకీ టోపీ పెట్టుకుని మే నెల ఎండలో గోల్‌బజారు వెళ్ళాడు. ఆడాడు. వచ్చాడు. తన్నులు తిన్నాడు. మళ్ళీ వెళ్ళాడు.

అప్పుడు నాన్నకి ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు, అంత గొప్ప ఆలోచన ఆయనకే పుట్టి ఉండాలి. ఒక సెలవు రోజు పొద్దున్నే తిమోతిని లేపి, "పద, ఆడుదువు గాని" అన్నాడు. తాగుబోతుకి వాంతి అయ్యేదాకా తాగిస్తే మందు మానేస్తాడంటారే, అదే వైద్యం. చూడమని నన్నూ రమ్మన్నాడు. అమ్మ రానంది.

పల్టూదా కొట్టు తెరుస్తూండగానే మేం అక్కడున్నాం. నాన్న ఒక ముక్కాలి పీట లాక్కుని తమ్ముడి వెనకే కూర్చుని, బెల్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆడు" అన్నాడు. మొదట్లో తిమోతికి నమ్మకం కుదరలేదు. తరువాత ఒకటే సంబరం. వెనక్కి తిరిగి నాన్న వంక చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

మధ్యాహ్నమయ్యేసరికి నవ్వు పోయింది. "మంచినీళ్ళు నాన్నా" అన్నాడు. "ఆడు." "కాళ్ళు నొప్పెడతన్నాయి." "ఆడు." పిడి పట్టుకున్న అరచేతిలో బొబ్బ లేచి పగిలింది. పిడిని రెండో చేత్తో పట్టుకోబోతే బెల్టు పడింది. బజారులో కబురు పాకింది. కూరగాయలకొచ్చిన వాళ్ళూ, రిక్షావాళ్ళూ, స్కూలు పిల్లలూ గుమ్మం దగ్గర మూగారు. వాడు ఎంతసేపు ఆగుతాడోనని పందాలు కాశారు. పల్టూదాకి జాలి వేసింది. "ఛేడే దిన్ దాదా, బచ్చా హై" అని, పిల్లాడిని వదిలెయ్యమన్నాడు. నాన్న ఆయన వైపు తిరిగైనా చూడలేదు. గిరాకీ ఆగిపోతోంది కాబట్టి పల్టూదా కనీసం మూలనున్న డబ్బాకి మారమన్నాడు. అది ఆ వారమే కలకత్తా నుంచి దిగిన కొత్త ఆట. తిమోతి ఇంకా ముట్టుకోనిది.

అందులో ట్యాంకులు. ఎర్ర ట్యాంకులు శత్రువులవి, పేల్చాలి. ఆకుపచ్చవి మనవి, కాపాడాలి. పల్టూదా చెప్పాడు, వాడు తలూపాడు. మొదలుపెట్టాడు. మొదటి గుండే మన ట్యాంకుకి తగిలింది. రెండోదీ అంతే. ఎర్రది ఎదురుగా వస్తుంటే వదిలేశాడు, అది వచ్చి వీడిని గుద్దేసింది. మళ్ళీ ఆడాడు, మళ్ళీ అదే. గుంపు గొల్లున నవ్వింది. "అరే ఓస్తాద్, అప్నే ఆద్మీ కో మార్ రహా హై!" అని, తనవాళ్ళనే చంపుకుంటున్నాడని ఒకడు ఈల వేశాడు. వాడు అలిసిపోయాడనుకున్నాన్నేను.

నాన్న నవ్వలేదు. పీట మీద నుంచి లేచి, తెర దగ్గరికి వంగాడు.

"ఆ మూల ట్యాంకు రంగేటి?" అన్నాడు.

"ఎరుపు" అన్నాడు తిమోతి.

అది ఆకుపచ్చది.

"దాని పక్కది?"

వాడు కాసేపు చూశాడు. తెర మీద ఏదో వెతికాడు. "అదీ... అదీ ఎరుపే కదా నాన్నా?" అన్నాడు. నాన్న ముఖంలో రక్తం లేదు. పాతికేళ్ళుగా పగలూ రాత్రీ ఆ రెండు రంగులే పైకి చెబుతూ బతికిన మనిషి. ఆయనకి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని గుంపులోంచి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. అందరూ వైద్యం పూర్తయిందనుకుని దారి ఇచ్చారు.

మర్నాడు రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. కళ్ళ డాక్టరు బెంగాలీ ముసలాయన, నాన్నకి ఏ-వన్ ఇచ్చే ఆయనే. రంగు చుక్కల పుస్తకం తిమోతి ముందు పెట్టాడు. ఆ చుక్కల మధ్య అంకెలుంటాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కూడా కనబడుతున్నాయి. వాడికి ఒక్కటీ కనబడలేదు. డాక్టరు మమ్మల్ని బయట కూర్చోమని నాన్నతో మాట్లాడాడు.

ఆ గదిలో డాక్టరు ఏం చెప్పాడో ఐదేళ్ళ తరువాత గాని నాకు తెలియలేదు. కానీ ఇక్కడే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించే ఓపిక నాకు లేదు. ఇది పుట్టుకతో వచ్చింది, తల్లి వైపు నుంచి వస్తుంది, చాలామంది మగపిల్లలకి ఉంటుంది, ఆటకీ దీనికీ ఏ సంబంధం లేదు, పిల్లవాడిని ఒక్క మాట కూడా అనకు అని చెప్పాడు. మరి పైవంతెన మీద అన్నీ సరిగ్గా ఎలా చెప్పాడంటే, సిగ్నల్ స్తంభం మీద ఎరుపు ఎప్పుడూ అట్టడుగునే వెలుగుతుంది. వాడు చోటు చూసి చెప్పేవాడు. అందరూ అలాగే చెబుతారు కాబోలనుకున్నాడు పిచ్చి సన్నాసి. మోసం చేస్తున్నానని వాడికే తెలియదు.

నాన్న తలుపు తీసుకుని బయటికొచ్చాడు. తిమోతి లేచి నిలబడ్డాడు.

"ఏటన్నాడు నాన్నా?"

నాన్న వాడినే చూస్తూ నిలబడ్డాడు. పాతికేళ్ళు అందరి గుమ్మాల్లో ఆగి తన కళ్ళ గురించి గొప్పలు చెప్పుకున్న మనిషి. తన కొడుకు పుట్టుకలోనే ఆ కళ్ళు లేవని ఇప్పుడు ఏ ముఖంతో చెబుతాడు?

"తినీసినావురా" అన్నాడు. "నీ కళ్ళు నువ్వే తినీసినావు. నేను సెప్పలేదేటి? ఆ డబ్బా ఎలుతురుకి రంగులు సచ్చిపోనాయంట. ఇంక నీకు ఇంజను లేదు. జన్మలో లేదు."

తిమోతి అక్కడే ఆసుపత్రి వరండాలో, రోగుల మధ్య కూలబడి రెండు చేతుల్తో కళ్ళు మూసుకున్నాడు. ఏడవలేదు. చేతులు తీస్తే మిగిలింది కూడా పోతుందేమోనన్నట్టు అలాగే మూసుకుని నడిచాడు. ఇంటిదాకా నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

ఆ రోజు నుంచి వాడు వీడియో గేము ముట్టుకోలేదు. మా నాన్న వైద్యం ఫలించింది. ఎక్కడైనా రాసిపెట్టుకోవాల్సిన వైద్యమే.

అంతటితో వదిలి ఉంటే నేనీ కథ చెప్పకపోదును. మా తెలుగు చర్చి సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెబుతారు. దేవుడు నా జ్వరం తగ్గించాడు, నా కొడుక్కి ఉద్యోగం ఇచ్చాడు అని లేచి చెబుతారు. తప్పు చేసినవాళ్ళు కూడా లేచి ఒప్పుకుంటారు. నాన్న సంఘ పెద్ద. ఆ ఆదివారం ఆయన లేచి, "నా కుమారుడు సాక్ష్యం సెప్తాడు" అన్నాడు. ముందురోజంతా వాడికి మాటలు నేర్పించాడు. ఒక వాక్యం ఆయన చెప్పడం, వాడు తిరిగి అనడం.

తిమోతి లేచాడు. సగం బోడితల మీద అప్పుడప్పుడే జుట్టు మొలుస్తోంది. "దేవుడు నాకు మంచి కళ్ళు ఇచ్చినాడు. మా నాన్నగారి కళ్ళలాంటి కళ్ళు. నేను మాట వినకుండా వీడియో గేము ఆడి వాటిని పాడుచేసుకున్నాను. ఇప్పుడు నాకు ఎరుపు ఆకుపచ్చ తెలీదు. ఇది నా పాపం. పిల్లలూ, మీరు ఆడొద్దు" అన్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదారు. పాస్టరు గారు వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. నాన్న మొదటి వరసలో కూర్చుని తలదించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అది కన్నీరే, నాటకం కాదు. అందుకే నాకింకా అసహ్యం.

మా వెనక లైనులో చిట్టెమ్మ పిన్ని కొడుకు కూడా ఆ డబ్బాలకి అలవాటు పడ్డాడు. "మా ఇంట్లో ప్రార్థన పెడతన్నాను అన్నయ్యా, తిమోతిని ఒక్కపాలి తీసుకురా" అని వచ్చి అడిగింది. నాన్న తీసుకెళ్ళాడు. అక్కడ చూసి ఇంకో ఇల్లు, ఆ తరువాత ఇంకో కాలనీ. మగపిల్లలున్న ప్రతి తెలుగు ఇంట్లోనూ తిమోతి సాక్ష్యం కావాల్సొచ్చింది. సాక్ష్యం అయ్యాక ఆ ఇంటివాళ్ళు ఒక ఎర్రగుడ్డ, ఒక పచ్చగుడ్డ తెచ్చి వాడి ముందు పెట్టి, ఇదేటి, అదేటి అని అడిగేవాళ్ళు. వాడు తప్పు చెప్పేవాడు. తల్లులు తమ కొడుకుల వీపు మీద చరిచి "సూసినావా!" అనేవాళ్ళు. అప్పుడు టీ ఇచ్చేవాళ్ళు.

ఒక్కోసారి వాడు అదృష్టవశాత్తూ సరిగ్గా చెప్పేసేవాడు. చెప్పేసి భయంగా నాన్న వైపు చూసేవాడు. కొన్నాళ్ళకి ఇంటివాళ్ళ ముఖాలు చూసి, ఎటు తప్పు చెప్పాలో పట్టుకోవడం నేర్చుకున్నాడు. వాళ్ళని నిరాశపెట్టడం వాడికి ఇష్టం లేదు.

గోల్‌బజార్లో ఆ గేముల గదికి వచ్చే పిల్లలు తగ్గిపోయారు. పల్టూదా దారిలో కనబడితే తమ్ముడి ముందు ఉమ్మేవాడు. స్కూల్లో వాడిని ఎవరూ పేరు పెట్టి పిలవడం మానేశారు. "గుడ్డి పాస్టరు" అన్నారు. మైదానంలో పట్టుకుని, రంగు సుద్దముక్కలు ముందుపెట్టి, తప్పు చెప్పినప్పుడల్లా ఒక దెబ్బ వేసేవాళ్ళు. వాడు ఇంటికొచ్చి ముఖం కడుక్కుని కూర్చునేవాడు. అమ్మ అడిగితే "పాపానికి జీతం" అని బైబిలు మాట అప్పజెప్పేవాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడి నోట్లో ఆ మాట వింటే నా ఒళ్ళు మండిపోయేది.

ఏళ్ళు గడిచే కొద్దీ వాడు ఆ సాక్ష్యంలో ఆరితేరాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. నాన్న నేర్పని మాటలు కలిపాడు. ఆ డబ్బాలో తనకి ఒక రాత్రి సాతాను ముఖం కనబడిందనేవాడు. పదో తరగతి ఎలాగో పూర్తి చేశాడు. చదువు మీద మనసు లేదు, స్నేహితులు లేరు, పెళ్ళిళ్ళకి వచ్చేవాడు కాదు. ఎవరైనా సాక్ష్యానికి పిలిస్తే మాత్రం తలకి నూనె రాసుకుని తయారయ్యేవాడు. వేరే దేనికీ వాడినెవరూ పిలవలేదు మరి.

తొంభై ఆరులో నాన్న రిటైరయ్యాడు. అదే ఏడు తిమోతికి ఒక రైల్వే ఆఫీసులో ప్యూను పనికి పిలుపొచ్చింది. రంగులు తెలియకపోయినా ఇస్తారు, మెడికల్ సర్టిఫికెట్టు మాత్రం ఉండాలి. నేనప్పటికి అదే ఆసుపత్రిలో ఆయాగా చేరాను. వాడిని వెంటబెట్టుకుని కళ్ళ విభాగానికి వెళ్ళాను. ఆ ముసలి డాక్టరే ఇంకా ఉన్నాడు. వాడిని గుర్తుపట్టాడు.

"ఆర్థర్ కా బేటా! బాగున్నావా?" అని పలకరించి, దూరపు చూపు చూసి సంతకం పెట్టాడు. మేం లేవబోతుండగా తిమోతి తన అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. "సర్, మైనే అప్నీ ఆంఖే ఖుద్ ఖరాబ్ కీ..." తన కళ్ళు తనే పాడుచేసుకున్నానని, డబ్బా, ఆట, పాపం, అన్నీ.

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు హిందీలో. "ఇది పుట్టుకతోనే ఉంది. ఆడినా ఆడకపోయినా ఇంతే. మీ నాన్నకి ఆ రోజే చెప్పాను కదా, పిల్లాడి తప్పు కాదని. రెండుసార్లు చెప్పాను."

ఐదేళ్ళ సాక్ష్యాలన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు తిరిగాయి. తిమోతి మాత్రం మర్యాదగా నవ్వి, "నహీ సర్, మేరా హీ దోష్ హై" అని తప్పు తన మీదే వేసుకుని, దండం పెట్టి బయటికొచ్చాడు.

వరండాలో వాడి చొక్కా పట్టుకుని ఆపాను. "విన్నావా లేదా? నువ్వేటీ సెయ్యలేదురా. నాన్నకి తెలుసు. తెలిసే నీ సేత సెప్పించినాడు."

"నాన్న అబద్దం సెప్తాడేటి అక్కా? ఆ ముసలోడికి మతి పోనాది" అన్నాడు. కానీ సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాడు. దారిలో రెండుసార్లు ఆగి, "డాక్టరు నిజంగా రెండుసార్లు సెప్పినానన్నాడా?" అని అడిగాడు. నాకు ఆశ పుట్టింది. ఈ రోజుతో వీడి మెడ మీది బరువు దిగిపోతుంది, నాన్న నోటితోనే దింపిస్తాననుకున్నాను.

నాన్న వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ కింద కూర్చుని చేపలు తోముతోంది. నేను గుమ్మంలో అడుగుపెడుతూనే అడిగేశాను. "నాన్నా, తమ్ముడికి పుట్టుకతోనే రంగులు తెలీవని డాక్టరు నీతో సెప్పినాడంట. సెప్పినాడా లేదా?"

ఆయన ముఖం మళ్ళీ ఆ రోజు తెర ముందు మారినట్టే మారింది. నేనడిగింది నిజమని ఆ ముఖమే చెబుతోంది. అమ్మ చేప పక్కన పెట్టింది. పెళ్ళయిన తరువాత ఆయనకు ఎదురు మాట్లాడిన మనిషి కాదు. మెల్లిగా అంది:

"మా నూకయ్యన్నకి కూడా ఇలాగే ఉండీది. పండుమిరప, పచ్చిమిరప తేడా తెలిసీది కాదు. ఆడు ఏ ఆటలూ ఆడలేదే. నాకెప్పట్నుంచో అనుమానవే..."

"ఊరుకో అమ్మా" అన్నాడు తిమోతి. గట్టిగా అన్నాడు. అమ్మ మీద వాడు గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు.

వాడు వెళ్ళి నాన్న కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన ముఖంలోకి చూశాడు. నాన్న నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. ఆ ఒక్క నిమిషం, దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆయన చెప్పేస్తాడనే అనుకున్నాను. కానీ తిమోతి ముందు మాట్లాడాడు.

"నువ్వు అబద్దం సెప్పవు కదా నాన్నా? ఇన్ని ఇళ్ళల్లో నన్ను నిలబెట్టినావు. అది అబద్దమైతే నేనేటయిపోవాలి? నా దగ్గర ఇంకేటుంది?"

నాన్న వాడిని చూశాడు. తరువాత నన్ను చూశాడు. కోర్టులో వాయిదా దొరికిన ముద్దాయిలా ఆయన భుజాలు దిగాయి.

"సెప్తానేటి?" అన్నాడు. "డాక్టర్లు సవాలక్ష అంటారు. నీ కళ్ళు మంచి కళ్ళేరా. నువ్వే పాడుసేసుకున్నావు."

తిమోతి గట్టిగా ఊపిరి వదిలాడు. నా వైపు తిరిగి, "విన్నావా అక్కా?" అన్నాడు. చిన్నప్పటి నుంచి వాడి ముఖంలో అంత నెమ్మది నేను చూడలేదు. అది చూసి నాకు ఆ కుర్చీలోని మనిషిని చంపెయ్యాలనిపించింది. అమ్మ మళ్ళీ చేపలు తోమడం మొదలుపెట్టింది. తిమోతి లేచి నాన్న కాళ్ళకి దండం పెట్టి, ఆదివారం సాక్ష్యానికి ఏ చొక్కా వేసుకోవాలో అడగడానికి నా దగ్గరికొచ్చాడు.